ఫిరంగి గుండు దూరంలో ప్రార్థనా మందిరం

పోలండ్ అనగానే మనలో చాలామందికి పోప్ రెండో జాన్ పాల్ గుర్తుకొస్తారు. కాథలిక్ విశ్వాసం అంత లోతుగా వేళ్లూనిన దేశమది. ఆ దేశపు నైరుతి మూలన యావోర్ అనే చిన్న పట్టణముంది. జనాభా 20 వేల పైచిలుకు. అక్కడ 17వ శతాబ్దంలో లూథరన్ విశ్వాసులు కట్టుకున్న కర్ర చర్చిని చూడాలని వ్రోత్స్‌వాఫ్ నగరం నుంచి మేము బయలుదేరాం.

బయటి నుంచి చూస్తే అదొక పెద్ద ధాన్యపు గిడ్డంగిలా ఉంటుంది. తెల్లటి గోడలు, వాటి మీద నిలువుగా, అడ్డంగా నల్లటి దూలాలు. దీని కోసమా ఇంత దూరం వచ్చాం అనిపించింది. తలుపు దాటి లోపలికి అడుగుపెట్టాక మాత్రం మాట రాలేదు. పొడవు 43 మీటర్లు, వెడల్పు 14 మీటర్లు. రెండు పక్కలా నాలుగు వరుసల గ్యాలరీలు ఒకదాని మీద ఒకటి పైకప్పు దాకా లేచాయి. వాటి అంచుల పొడవునా పాత, కొత్త నిబంధనల ఘట్టాలే. రంగుల్లో గీసిన ఈ బొమ్మలే ఆనాడు చదువు రాని రైతుకూలీలకు బైబిలు అయ్యుంటాయి. మధ్యమధ్య జమీందారుల వంశచిహ్నాలు, చేతివృత్తుల సంఘాల గుర్తులూ కనిపిస్తాయి. సుమారు 5,500 మంది ఇందులో ఆరాధించవచ్చట.

అయితే దీన్ని కట్టుకోవడానికి వాళ్లకు దొరికిన అనుమతి ఎలాంటిదో తెలుసా? యూరప్‌ను రక్తసిక్తం చేసిన ముప్ఫై ఏళ్ల యుద్ధం 1648లో వెస్ట్‌ఫాలియా సంధితో ముగిసింది. అప్పటి సైలీషియా ప్రాంతం కాథలిక్ చక్రవర్తి మూడో ఫెర్డినాండ్ ఏలుబడిలో ఉంది. అక్కడి లూథరన్ల చర్చిలు ఒక్కొక్కటే వాళ్ల చేయి దాటిపోతున్నాయి. సంధి ప్రకారం వాళ్లకు మూడంటే మూడే చర్చిలు అనుమతించారు: యావోర్, ష్విద్నిత్సా, గ్వోగూఫ్‌లలో. అందుకే వాటికి శాంతి చర్చిలని పేరు. షరతులు మాత్రం శాంతిగా లేవు. పట్టణపు గోడ బయట, ఫిరంగి గుండు వెళ్లేంత దూరంలో కట్టాలి. రాయి, ఇటుక వాడరాదు. కర్ర, మట్టి, గడ్డి, ఇసుక మాత్రమే. గోపురం ఉండకూడదు, గంట మోగకూడదు. ఏడాదిలో పూర్తి చేయాలి. నాలుగు రోజులు నిలిచి కూలిపోవాలనే ఇలా రాశారని మాకనిపించింది.

ఖర్చంతా విశ్వాసులదే. నెహెమ్యా 52 దినాల్లో ప్రాకారం కట్టించినప్పుడు ఆయనకు రాళ్లయినా ఉన్నాయి! ఆల్బ్రెష్ట్ ఫాన్ జేబిష్ అనే ఇంజనీరు నమూనా గీశాడు. 1654లో మొదలుపెట్టి 1655లో ముగించారు. గంట గోపురం కట్టుకునే అవకాశం 1707 నాటి ఒప్పందం తర్వాతే వచ్చింది. గ్వోగూఫ్ చర్చి 1758లో కాలిపోయింది. మిగిలిన రెంటినీ యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఆ రాళ్ల సంగతి మర్నాడు మళ్లీ గుర్తొచ్చింది. యావోర్ దగ్గర్లో హెవ్మీ అనే రక్షిత ప్రకృతి ప్రాంతముంది. అందులో మిష్లిబూష్ ఊరి పక్కన లోయ ఒక అభయారణ్యం. వాగు వెంట నీడలో నడక. నాలుక ఆకారంలో, చీలికలు లేని ఆకులతో పెరిగే అరుదైన ఫెర్న్ మొక్కకు ఈ లోయ పేరుపొందింది. ఆ చేరువలోనే కొండవాలులో నల్లటి బసాల్ట్ స్తంభాలు పైపు ఆర్గన్ గొట్టాల్లా వరుసగా నిలబడ్డాయి. ఎప్పుడో ఆరిపోయిన అగ్నిపర్వతాల లావా అది. ఈ ప్రాంతం 2024లో యునెస్కో జియోపార్క్ అయింది. అడుగడుగునా రాయి ఉన్న నేలలో రాయి ముట్టుకోవద్దన్నారు!

గుంటూరు లూథరన్ కుటుంబాల వాళ్లకు ఈ కథ మరింత దగ్గరగా అనిపించవచ్చు. 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరుకు తెచ్చిన విశ్వాసధారా ఇదే.

1945 తర్వాత ఈ ప్రాంతం పోలండ్‌కు దక్కింది. జర్మన్ మాట్లాడే లూథరన్లను పంపించేశారు. కొత్తగా వచ్చి స్థిరపడ్డ పోలిష్ కుటుంబాలు చాలావరకు కాథలిక్కులు. వాళ్లలో కొందరు తామూ ఇళ్లు పోగొట్టుకుని తూర్పు నుంచి వచ్చినవాళ్లే. పాత పట్టణంలో సెయింట్ మార్టిన్ గోథిక్ చర్చి వాళ్లది. రాతి కట్టడం, చూడదగ్గదే. శాంతి చర్చి నేటికీ లూథరన్ సంఘానిదే, కానీ ఆ సంఘంలో ఉన్నది కొద్దిమందే. 5,500 మంది పట్టే మందిరాన్ని ఆ కొద్దిమంది ఎలా నిలుపుకోగలరు? పోలిష్, జర్మన్ నిపుణులు కలిసి దూలాలు, బొమ్మలు బాగుచేశారు. వేసవిలో సంగీత కచేరీలు జరుగుతాయి, వినేవాళ్లలో ఎక్కువమంది కాథలిక్కులే అయ్యుంటారు. సందర్శకుల టికెట్ డబ్బూ ఉంది. మేమూ కొన్నాం. వచ్చేటప్పుడు తలుపు దగ్గర పెట్టెలో మరికొంత వేశాం.