చుక్క సరే.. ఎక్కడ వేస్తున్నారు?

కార్తీకం దాటి పొద్దుపొద్దున మంచు కమ్మడం మొదలైందంటే, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో మందుల దుకాణం షట్టరు కంటే ముందు ఇంట్లో అల్మారా తలుపు తెరుచుకుంటుంది. ఇల్లు ఏదైనా ఆ అరలో సీసాలు ఇంచుమించు ఒకటే. ఎర్రటి జిందా తిలిస్మాత్, మూత చుట్టూ గట్టిపడిన అమృతాంజన్, సగం అయిపోయిన విక్స్, నీలగిరి తైలం, గల్ఫ్ నుంచి వచ్చిన గొడ్డలి బొమ్మ సీసా. దేవుని గూట్లో హారతి కర్పూరం, పోపుల పెట్టెలో ఓమ ఎలాగూ ఉంటాయి. ఈ మధ్య వీటి పక్కకు ఆన్‌లైన్‌లో తెప్పించిన ‘ఎసెన్షియల్ ఆయిల్’ సీసాలు, పొగమంచులా ఆవిరి వదిలే డిఫ్యూజర్లు కూడా చేరాయి. పేరు కొత్తదే, ధర ఎక్కువే. మూత తీసి వాసన చూస్తే మాత్రం అమ్మమ్మ కాలం నాటి సంగతే.

గల్ఫ్ సీసా కథ ఈ ప్రాంతానిది. ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషిని పంపని పల్లె అరుదు. సెలవు మీద వచ్చినవాళ్ల పెట్టె విప్పితే ఖర్జూరాలు, పాలపొడి డబ్బా, సబ్బులు, అత్తరు, వాటి సందుల్లో బట్టల మధ్య చుట్టిన చిన్న చిన్న తైలం సీసాలు. అన్నకొకటి, మేనత్తకొకటి, పక్కింటి పెద్దవ్వకొకటి. క్యాంపు గదిలో రాత్రంతా ఏసీ చలికి ముక్కు దిబ్బడ పట్టినప్పుడు అలవాటైన సీసానే ఇంటికీ వస్తుంది. ఆ గొడ్డలి గుర్తు తైలం పుట్టింది అరబ్బు దేశంలో కాదు, 1928లో సింగపూర్‌లో. పక్కనుండే పులిబొమ్మ బామ్ మూలాలేమో రంగూన్‌లో ఉన్నాయి, ఒకప్పుడు తెలుగు కూలీలు ఓడలెక్కి వెళ్లిన రంగూన్‌లోనే.

మన సీసాలకూ పెద్ద వంశమే ఉంది. హకీం మహమ్మద్ మొయిజుద్దీన్ ఫారూఖీ హైదరాబాద్‌లో జిందా తిలిస్మాత్ తయారు చేయడం మొదలుపెట్టింది 1920లో. అందులో నీలగిరి తైలం, కర్పూరం, మెంథాల్, ఓమపువ్వు ఉంటాయి. ఆ ఎరుపు రతన్‌జోత్ అనే వేరుది. అంతకు ముందే, 1893లో, కృష్ణా జిల్లా ఎలకుర్రు నుంచి వెళ్లిన కాశీనాథుని నాగేశ్వరరావు బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. ఆ డబ్బాలు తెచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా నడిపారు. తెలుగు పత్రికారంగం ముడి ఎక్కడో కర్పూరం వాసనతో పడిందంటే అబద్ధం కాదు.

సీసాల మీద బొమ్మలు మారినా లోపల తిరిగేది ఓ నాలుగైదు పదార్థాలే. నీలగిరి ఆకు నుంచి సినియోల్, పుదీనా జాతి మొక్కల నుంచి మెంథాల్, ఓమ నుంచి థైమాల్, ఆపైన కర్పూరం. నొప్పి బామ్‌లలో వింటర్‌గ్రీన్ నూనె అదనం. వంద రూపాయల సీసాకూ వెయ్యి రూపాయల సీసాకూ మధ్య తేడా తరచూ గాఢతలోనే ఉంటుంది. ప్రమాదం కూడా అక్కడే ఉంటుంది. బామ్‌లో ఈ నూనెలు కొద్ది శాతమే, మిగతాదంతా మైనంలాంటి ఆధారం. ఎసెన్షియల్ ఆయిల్ అంటే కలపని అసలు సరుకు.

ముక్కు తెరుచుకోదు, తెరుచుకున్నట్టుంటుంది

జలుబు చేసినప్పుడు ముక్కు మూసుకుపోయేది ఎక్కువగా చీమిడితో కాదు, లోపలి పొరలో రక్తనాళాలు ఉబ్బడంతో. మెంథాల్ ఆ వాపును తగ్గించదు. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జలుబు మీదే పని చేసిన పరిశోధన కేంద్రంలో రాన్ ఎకిల్స్ బృందం ముక్కులోంచి గాలి ఎంత పోతోందో పరికరాలతో కొలిచి చూసింది. మెంథాల్ పీల్చాక గాలి ప్రవాహం పెరగలేదు. పీల్చినవాళ్లు మాత్రం ‘ముక్కు విడిచింది’ అన్నారు. కారణం చర్మంలో, ముక్కు పొరలో ఉండే ఒక గ్రాహకం. చల్లదనాన్ని పసిగట్టే ఆ తలుపును మెంథాల్ తడుతుంది, మెదడు చల్లగాలి ఆడుతోందని నమ్ముతుంది. దీన్ని 2002లో గుర్తించినవారిలో ఒకరైన డేవిడ్ జూలియస్, అంతకు ఐదేళ్ల ముందు మిరపకాయ మంట ఎలా పుడుతుందో కూడా చెప్పాడు. 2021 నోబెల్ ఆయనకూ, ఆర్డెమ్ పటపూటియన్‌కూ కలిపి వచ్చింది. మన పచ్చిమిర్చికీ పుదీనాకూ అందులో వాటా ఉన్నట్టే.

‘అయితే అంతా భ్రమేనా’ అని సీసా విసిరేయనక్కర్లేదు. సర్ది చేసిన రాత్రి అసలు బాధ నిద్ర పట్టకపోవడమే. 2010లో ‘పీడియాట్రిక్స్’ పత్రికలో అమెరికా వైద్యులు 138 మంది పిల్లల మీద చేసిన పరీక్ష వచ్చింది, అందరూ 2 నుంచి 11 ఏళ్లవాళ్లు. కొందరికి కర్పూరం, మెంథాల్, నీలగిరి కలిసిన బామ్ రాశారు, కొందరికి వట్టి వాజిలీన్, మిగతావాళ్లకు ఏమీ లేదు. బామ్ రాసిన పిల్లలు, వాళ్లతో పాటు తల్లిదండ్రులు, ఆ రాత్రి మేలుగా నిద్రపోయారు. చర్మం, కళ్లు మండినవాళ్లూ అందులోనే ఉన్నారు. వైరస్ చచ్చిందని ఎవరూ అనలేదు. నా లెక్కలో తైలం విలువ సరిగ్గా అంతే. జబ్బును తగ్గించదు గానీ రాత్రిని గడిపిస్తుంది.

అలా వాడుకునేటట్టయితే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. పెద్దవాళ్లు రుమాలు మీద ఒకటి రెండు చుక్కలు వేసి దిండు పక్కన పెట్టుకుంటే చాలు. ఛాతీకి, వీపుకు రాయాలంటే సీసాలోది నేరుగా కాకుండా చెంచా కొబ్బరినూనెకు ఒక చుక్క కలపాలి, దాదాపు ఒక శాతం అవుతుంది. డిఫ్యూజర్ ఉంటే అరగంట నడిపి ఆపేయాలి, గదిలో ఓ కిటికీ తెరిచి ఉండాలి. ఆస్తమా ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే దాన్ని అటకెక్కించడమే మేలు, ఘాటు వాసనకే కొందరికి ఆయాసం లేస్తుంది. మందు పీల్చుకునే నెబ్యులైజర్‌లో మాత్రం ఈ నూనెలు చుక్క కూడా పడకూడదు. అవి ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. పశువైద్య కళాశాల ఉన్న కోరుట్లలో ఇది చెప్పడం అధికప్రసంగమేమో గానీ, పిల్లిని పెంచుకునేవాళ్లు కూడా జాగ్రత్త పడాలి. ఈ నూనెల్లోని చాలా పదార్థాలను పిల్లి కాలేయం విరిచి బయటికి పంపలేదు.

గిన్నె, దుప్పటి, పొట్లం

ఆవిరి సంగతికి వద్దాం. స్టీలు గిన్నెలో నీళ్లు సలసల కాగాలి, అందులో వాయిలాకు గానీ పసుపు గానీ జండూ బామ్ గానీ పడాలి, ఆపైన దుప్పటి ముసుగు. మన ఇళ్లల్లో ఆవిరి పట్టడమంటే ఇదే. ముసుగులో చూపు ఆనదు, గిన్నె అంచు కాలుతుంటుంది, పక్కన పిల్లాడు కదులుతుంటాడు. తొడల మీద మరుగునీళ్లు ఒలికి బొబ్బలతో దవాఖానకు వచ్చే కేసులు ఇలాంటివే. వెచ్చటి తేమగాలి జలుబును తగ్గిస్తుందా అని చండీగఢ్ పీజీఐ వైద్యులు పాత పరీక్షలన్నీ కలిపి కాక్రేన్ సమీక్షలో చూశారు, గట్టి ఆధారం దొరకలేదు. హాయిగా ఉంటుందనుకుంటే పెద్దవాళ్లు గిన్నెను నేల మీద కాకుండా బల్ల మీద పెట్టుకోవాలి, పొయ్యి మీంచి దించాక రెండు నిమిషాలు ఆగాలి, కళ్లు మూసుకోవాలి. పిల్లలకైతే స్నానాల గది తలుపు వేసి, వాళ్లకు అందకుండా వేడినీళ్ల బకెట్ పెట్టి, ఎత్తుకుని కాసేపు కూర్చుంటే అదే ఆవిరి.

2021 వేసవిలో కర్పూరం, లవంగం, ఓమ, నీలగిరి చుక్క కలిపి గుడ్డలో మూటకట్టి వాసన చూస్తే ఆక్సిజన్ పెరుగుతుందని వాట్సాప్‌లో తిరిగింది గుర్తుందా? సిలిండర్ కోసం మనుషులు రోడ్ల మీద పరుగులు పెడుతున్న రోజులు. ఊపిరి ఆడినట్టు అనిపించడం వేరు, రక్తంలో ఆక్సిజన్ పెరగడం వేరు. పొట్లం మొదటిది ఇస్తుంది, రెండోది ఇవ్వదు. ఊపిరందని మనిషికి ఆ హాయి శత్రువు, దవాఖానకు వెళ్లే గంటను వెనక్కు నెడుతుంది.

పసిపిల్లల దగ్గర

“అత్తమ్మా, పిల్లగానికి ముక్కు బంద్ అయింది, పాలు తాగుతలేడు.”

“ఓ చుక్క ముక్కుల ఎయ్యి బిడ్డా, మీ ఆయనకు గూడ గట్లనే ఏసినం.”

ఈ ఒక్క సలహా విషయంలో మాత్రం అత్తమాట వినకూడదు. నెలల పిల్లల ముక్కులో మెంథాల్ గానీ కర్పూరం గానీ పడితే గొంతు బిగుసుకుని ఊపిరి ఆగిపోవచ్చు. రెండేళ్లలోపు పిల్లలకు విక్స్ వాడొద్దని డబ్బా మీదే రాసి ఉంటుంది, ఆ అక్షరాలు మరీ చిన్నవి. కొబ్బరినూనెలో కర్పూరం కాచి పసివాళ్ల ఛాతీకి రాసే అలవాటు కూడా మానాల్సిందే, కర్పూరం చర్మంలోంచి కూడా ఒంట్లోకి పోతుంది. పిల్లాడి ముక్కుకు ఉప్పునీటి చుక్కలు చాలు, అవి మందుల దుకాణంలో చవగ్గా దొరుకుతాయి. ఏడాది దాటినవాళ్ల దగ్గుకు పడుకునే ముందు అర చెంచా తేనె తైలం కంటే నమ్మదగినది.

అసలు భయం తాగడంతో. నీలగిరి తైలం ఒకటి రెండు చెంచాలు లోపలికి పోయినా చిన్న పిల్లలకు మగత, ఫిట్స్ రావచ్చు. కర్పూరం బిళ్ల నోట్లో వేసుకున్నా అంతే, అరగంట కూడా ఆగదు. అమెరికా 1983లోనే ఒంటికి రాసే మందుల్లో కర్పూరం 11 శాతం దాటకూడదని కట్టడి చేసింది. మన దేవుని గూట్లో ఉన్నది ఇంచుమించు నికార్సైన కర్పూరం, చూడటానికి చక్కెర బిళ్లలా ఉంటుంది. పెద్దవాళ్లకూ మినహాయింపు లేదు. నీలగిరి, కర్పూరం నూనెలకూ ఫిట్స్‌కూ ఉన్న సంబంధం మీద బెంగళూరు నరాల వైద్యులు వరుసగా పరిశోధన పత్రాలు ప్రచురించారు. మూర్ఛ ఉన్న మనిషి ఇంట్లో ఉంటే ఈ సీసాల జోలికి పోకపోవడం మంచిది. వింటర్‌గ్రీన్ సంగతి ఇంకా ఘోరం. కలపని ఆ నూనె ఒక్క చెంచా, 5 మిల్లీలీటర్లు, సుమారు 7 గ్రాముల ఆస్పిరిన్‌తో సమానం, అంటే ఇరవైకి పైగా గోలీలు.

జిందా తిలిస్మాత్‌ను టీలో రెండు చుక్కలు వేసుకుని తాగే పెద్దలు ఈపాటికి నా మీద కోప్పడుతుంటారు. అది యునానీ మందు, ఎంత వాడాలో కాగితం మీద రాసి ఇస్తారు. దాన్ని చూసి పక్కనున్న నీలగిరి సీసాను, ఆన్‌లైన్‌లో వచ్చిన పెప్పర్‌మింట్ ఆయిల్‌ను కూడా టీలో పోసుకుంటేనే చిక్కు. ఇంకో మాట. రాత్రి కరెంటు పోయినప్పుడు చేతికి దగ్గు సిరప్ వచ్చిందో తైలం వచ్చిందో తెలియదు, రెండూ ఒకే సైజు సీసాలు. అరలు వేరు చేయడం పావుగంట పని.

ఇది సర్దియేనా?

ఈ మూడు ఊళ్లకు ప్రత్యేకమైన కష్టం ఒకటుంది, ఇక్కడ దగ్గుకు కారణాలు ఎక్కువ. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి పొలాల్లో జనవరి నుంచి పసుపు తవ్వకం. కొమ్ములు ఉడకబెట్టి, కల్లంలో ఎండబెట్టి, డ్రమ్ముల్లో పాలిష్ పడతారు. ఆ ధూళి మనిషిని నిలువునా పచ్చగా చేస్తుంది, ముక్కులో నుంచి కూడా పసుపే వస్తుంది. పసుపులోనూ వాసన నూనె ఉంటుంది గనుక ‘ఆరోగ్యమే కదా’ అనుకుంటారు. ధూళి ధూళే. పసుపు కొమ్ము కాల్చి పొగ పీల్చడమూ అంతే, ఆయాసం ఉన్నవాళ్లకు అది చేటు. సిరిసిల్లలో సాంచాల షెడ్డులో పన్నెండు గంటల డ్యూటీ, గాలిలో తేలే నూలు పొట్టు. ఇళ్లల్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు పీల్చేది తంబాకు. వీళ్లందరూ పొద్దుగూకితే ఛాతీకి బామ్ రాసుకుని, ‘సర్ది తగ్గుతలేదు’ అంటూ మళ్లీ పనిలో కూర్చుంటారు. వాసన గొంతును తేలిక చేస్తుంది, కారణం లోపల పెరుగుతుంది. రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష చేయించాలి. సర్కారు దవాఖానలో అది ఉచితం, క్షయ బయటపడితే మందులూ ఉచితమే.

ఫ్లూ కూడా మామూలు పడిశం కాదు. ఒక్కసారిగా జ్వరం, ఒళ్లు విరిగిపోయే నొప్పులు, మంచం దిగలేని నీరసం. మన దగ్గర అది చలికాలంలోనే కాదు, వానలు పడే నెలల్లోనూ వస్తుంది. అదే సమయంలో డెంగీ కూడా తిరుగుతుంటుంది గనుక జ్వరాన్ని బామ్‌తో అంచనా వేయలేం. గర్భిణులు, ముసలివాళ్లు, షుగరు, గుండె జబ్బు ఉన్నవాళ్లు మొదటి రెండు రోజుల్లోనే డాక్టర్ దగ్గరికి పోవాలి, ఫ్లూ మందు అప్పుడే బాగా పని చేస్తుంది. ఏటా వేసుకునే టీకా గురించి కూడా అప్పుడే అడగవచ్చు.

పిల్లల విషయంలో గడియారం ఒక్కటి చాలు. పడుకున్నప్పుడు చొక్కా ఎత్తి నిండుగా ఒక నిమిషం ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40, ఆ అంకెలు తాకినా దాటినా, డొక్కలు ఎగరేస్తున్నా, పాలు పట్టకపోయినా తైలం మూత పెట్టేసి బయల్దేరాలి.

పిల్లాడు సీసా తాగేశాడనుకుంటే వేలు పెట్టి కక్కించవద్దు, పాలు, నూనె పట్టవద్దు. కక్కేటప్పుడు నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కు ఫోన్ చేయండి. వెళ్లేటప్పుడు ఖాళీ సీసా, దొరికితే దాని అట్టపెట్టె కూడా పట్టుకెళ్లండి. ఏ నూనె ఎంత శాతం ఉందో దాని మీదే ఉంటుంది, డ్యూటీ డాక్టరు మొదట అడిగేది అదే. గల్ఫ్ సీసా మీద అరబ్బీ, చైనా అక్షరాలుంటే తిప్పి చూడండి, అంకెలు, పేర్లు ఓ మూలన ఇంగ్లిషులో కూడా ఉంటాయి.