మీకు తెలుసా? బ్రిటానికాలోనూ తప్పులున్నాయి!

ఎవరు పడితే వాళ్లు దిద్దే వికీపీడియాను నమ్మేదెలా? 2005లో ‘నేచర్’ పత్రిక ఈ సంగతి తేల్చబోయింది. వికీపీడియా, బ్రిటానికా విజ్ఞాన సర్వస్వాలు రెండింటిలోని సైన్స్ వ్యాసాలను, ఏది ఎక్కడిదో చెప్పకుండా నిపుణులకిచ్చింది. 42 జతలు చూశాక వికీపీడియాలో 162 తప్పులు, బ్రిటానికాలో 123 తేలాయి. ఘోరమైనవి మాత్రం చెరి నాలుగు! బ్రిటానికాకు ఒళ్లు మండింది. మా విజ్ఞాన సర్వస్వంలో లేని వ్యాసాలను, ముక్కలు కత్తిరించినవాటిని చూపించారంటూ 2006లో విరుచుకుపడింది. నేచర్ వెనక్కి తగ్గలేదు. బ్రిటానికా మాటలో పస లేకపోలేదు. ఎంతైనా వికీ తప్పులు దాదాపు మూడోవంతు ఎక్కువే కదా.

2005లోనే లండన్‌లో 12 ఏళ్ల బడిపిల్లాడు బ్రిటానికాలో ఐదు తప్పులు పట్టేశాడు. అందులో ఒకటి, ఉక్రెయిన్‌లో ఉన్న ఖోటిన్‌ను మాల్డోవాలో చూపడం.

వికీపీడియా పరువూ ఆ ఏడాదే పోయింది. కెనడీ సోదరుల హత్యలతో అమెరికన్ జర్నలిస్టు జాన్ సీగెంథాలర్‌కు సంబంధముందని అనుమానించారంటూ ఎవరో రాసిన అబద్ధం నాలుగు నెలలు కదల్లేదు. రాసినవాడు చివరికి దొరికాడు. తోటి ఉద్యోగిని ఆటపట్టించడానికి రాశాడట!