ఊరిపేరులో దాగిన మాటలు

పిల్లలూ! మీరెప్పుడైనా తెనాలి స్టేషనులో రైలుకోసం కాచుకుని వున్నారా? అక్కడ చెన్నైవైపు వెళ్ళే బండి ఎక్కితే దారిలో బాపట్ల వస్తుంది. మరొక దారిన పోయే బండి ఎక్కితే రేపల్లె చేరుకుంటాం. ఆ పట్టాలు రేపల్లెతో సరి, ముందుకు పోవు. ఏ స్టేషనులో దిగినా పసుపుపచ్చని బోర్డుమీద ఊరిపేరు తెలుగులోనూ, హిందీలోనూ, ఇంగ్లీషులోనూ కనబడుతుంది. ఆ ఇంగ్లీషు పేరులో బోలెడు మాటలు దాగి వున్నాయి. వాటిని పట్టుకోవటమే మన ఆట.

ఈ ఆటకు ఒకటే నియమం: పేరులో ఒక అక్షరం ఎన్నిసార్లు వుంటే అన్నిసార్లే వాడుకోవాలి.

ముందు తెనాలి చూద్దాం. టి, ఇ, ఎన్, ఏ, ఎల్, ఐ - ఆరు అక్షరాలు. మొదటి మూడూ కలిస్తే టెన్, అంటే పది. దాన్నే వెనకనుంచి చదవండి: నెట్, అంటే వల! ఎన్, ఏ, ఐ, ఎల్ కలిస్తే నెయిల్, అంటే మేకు. టి, ఇ, ఏ కలిస్తే టీ. స్టేషనులో అది దొరకకపోతే ఎలా?

ఈ ఆరు అక్షరాలనూ ఎన్ని విధాల పేర్చవచ్చునో తెలుసా? మొదటి చోట ఆరింటిలో ఏదైనా పెట్టవచ్చు, రెండో చోట మిగిలిన అయిదింటిలో ఏదైనా పెట్టవచ్చు. ఇలా 6, 5, 4, 3, 2, 1 హెచ్చవేస్తే 720 వస్తుంది. ఒక్కొక్కటీ రాయటానికి పది సెకండ్లు పట్టిందనుకుందాం. అన్నీ రాసేసరికి సరిగా రెండు గంటలవుతుంది, మీ బండి కాస్తా వెళ్ళిపోతుంది! అందుచేత గుడ్డిగా పేర్చి లాభం లేదు. ఉపాయం కావాలి.

ఉపాయమేమిటంటే, మొదట అచ్చులను పట్టుకోవాలి. ఇంగ్లీషులో ఏ, ఇ, ఐ, ఓ, యు అచ్చులు. బాపట్ల పేరులో ఏడు అక్షరాలున్నా, అచ్చు ఒక్కటే - ఏ. అదే మూడుసార్లు వచ్చింది. దాన్ని మధ్యన నిలబెట్టి, బి, పి, టి, ఎల్‌లను అటూ ఇటూ పెట్టి చూడండి. బ్యాట్ వస్తుంది, తిరగేస్తే ట్యాబ్. ట్యాప్ అంటే కుళాయి. తిరగేస్తే ప్యాట్, అంటే మెల్లగా తట్టటం. ల్యాప్ అంటే ఒడి. తిరగేస్తే పాల్, అంటే నేస్తం. మరి బాల్ వస్తుందా? రాదు. దానికి ఎల్ రెండు కావాలి, ఇక్కడ ఒక్కటే వున్నది.

రేపల్లెలో ఎల్ రెండున్నాయి, ఇ కూడా రెండున్నది. మిగిలినవి ఆర్, పి, ఏ. మీలో ఎవరో "పేపర్!" అంటున్నారు. దానికి పి రెండు కావాలి, చెల్లదు. పీల్ అంటే తొక్క తీయటం. దాన్ని పి, ఇ, ఇ, ఎల్ అని రాస్తారు. గంటల మోతను కూడా పీల్ అనే అంటారు, కాని రాసేది పి, ఇ, ఏ, ఎల్ అని. చెవికి రెండూ ఒకటే, కంటికి మాత్రం వేరు!

అసలు కిటుకు ఇక్కడే వున్నది. తెలుగులో విన్నది విన్నట్టు రాస్తాం. బాపట్ల అని రాస్తే దీర్ఘమేదో, హ్రస్వమేదో చూడగానే తెలుస్తుంది. ఇంగ్లీషులో రెంటికీ అదే ఏ. తెలుగు రానివారు ఇంగ్లీషు బోర్డు మాత్రమే చూసి రేపల్లెను "రిపేల్" అని చదివినా వారి తప్పు కాదు. అందుచేత స్పెల్లింగు తప్పిన పిల్లవాడు మొద్దు అనుకోకూడదు. వాడు తెలుగు అలవాటుకొద్దీ చెవిని నమ్మాడు, అంతే. ఇంగ్లీషుకు కన్ను కూడా తోడు కావాలి. ఈ ఆట కంటికి నేర్పే పాఠమే. పెద్దలు కూడా పిల్లలచేత స్పెల్లింగులు వల్లె వేయించేబదులు, వారితో కలిసి ఈ ఆట ఆడి చూడవచ్చు.

తెలుగులో మాత్రం అక్షరాల వింతలు లేవా? తెనాలి రామకృష్ణుణ్ణి వికటకవి అంటారు కదా! వి, క, ట, క, వి - ఎటునుంచి చదివినా ఒకటే. దాన్నే ఇంగ్లీషులో పది అక్షరాలుగా రాసి, చివరినుంచి చదవండి. మొదటే ఐ వచ్చి మాట తారుమారవుతుంది! తెలుగులో గుణింతం హల్లును అంటిపెట్టుకునే వుంటుంది. ఇంగ్లీషులో అచ్చు విడిగా నిలబడుతుంది. ఒక భాషలో కుదిరిన గారడీ మరొక భాషలో కుదరదన్నమాట.

ఇక మీ వంతు. జవాబులు చూడకుండా చెప్పండి:

1. తెనాలిలో దాగిన అయిదక్షరాల మాట - పూర్వం రోము నగరపు భాష.
2. రేపల్లెలో దాగిన అయిదక్షరాల మాట - సముద్రంలో చిప్పలో దొరికేది.
3. రేపల్లెలోనే ఆరక్షరాల మాట - చట్టాన్ని రద్దు చేయటం.
4. తెనాలిలోని ఆరు అక్షరాలూ వాడితే వచ్చే మాట - ఒక పని తన వెంట మరొకదాన్ని తప్పనిసరిగా తీసుకురావటం.
5. రైల్వేవారు తెనాలికి టి-ఇ-ఎల్ అనీ, బాపట్లకు బి-పి-పి అనీ, రేపల్లెకు ఆర్-ఏ-ఎల్ అనీ గుర్తులు పెట్టారు. వీటిలో మన ఆట నియమానికి లొంగనిదేది?

జవాబులు: 1. లాటిన్ (ఎల్, ఏ, టి, ఐ, ఎన్). 2. పెర్ల్, అంటే ముత్యం (పి, ఇ, ఏ, ఆర్, ఎల్). 3. రిపీల్ (ఆర్, ఇ, పి, ఇ, ఏ, ఎల్). 4. ఎన్‌టెయిల్ (ఇ, ఎన్, టి, ఏ, ఐ, ఎల్). 5. బాపట్ల గుర్తు, ఆ పేరులో పి ఒక్కటే వున్నది.

అయిదూ చెప్పగలిగారా? అయితే ఇప్పుడు మీ ఊరిపేరు రాసుకుని మొదలుపెట్టండి!