ఆకులు రాలిన టేకు చెట్టు బతికే ఉందా?

పిల్లలూ, ఎండాకాలంలో ఆదిలాబాద్ వైపు వెళ్తే, కవ్వాల్ అడవిలో టేకు చెట్లు మోడుల్లా కనిపిస్తాయి. మరి అవి చచ్చిపోయాయా?

లేదు! ఆకులకుండే సన్నని రంధ్రాల్లోంచి నీరు ఆవిరైపోతుంది. ట్యాంకులో నీళ్లు తగ్గితే అమ్మ కుళాయిలు కట్టేసినట్టు, నేల ఎండగానే చెట్టు ఆకులు రాల్చేస్తుంది. లోపల శ్వాస మాత్రం ఆగదు. వానలు పడగానే మళ్లీ చిగురిస్తుంది. శ్వాసించడం, పెరగడం, పరిసరాలకు స్పందించడం, తనలాంటి వాటిని పుట్టించడం ప్రాణమున్నవాటి గుర్తులు.

బతికుందో లేదో చూద్దామని బెరడు చెక్కకండి. చెట్టుకు ఆహారం మోసే పొర అక్కడే ఉంటుంది. చుట్టూ చెక్కేస్తే వేళ్లకు తిండి అందక చెట్టు చనిపోతుంది. ఓపికగా చిగురు కోసం చూడండి. ప్రాణిని గాయపరచకుండా తెలుసుకోవడమే మంచి శాస్త్రవేత్త లక్షణం.