శవయాత్రలో నినాదం ఎవరి హక్కు?

సైనికుని అంత్యక్రియల వేళ ద్వేషపూరిత ఫలకాలు ప్రదర్శించినవారి వాక్‌స్వేచ్ఛను అమెరికా సుప్రీంకోర్టు 2011లో, స్నైడర్ వర్సెస్ ఫెల్ప్స్ కేసులో, 8–1 మెజారిటీతో సమర్థించింది. ఆ తీర్పును బోధించే ప్రతిసారీ నాకు ఒక తేడా స్ఫురిస్తుంది. అక్కడి నినాదం మృతుని కుటుంబాన్ని గాయపరిచింది. మన దేశంలో తరచుగా నినదించేది మృతుల కుటుంబమే.

1991లో చుండూరులో హతులైన దళితులను ఊరి నడుమే సమాధి చేశారు. ఆ రక్తక్షేత్రం నేటికీ సాక్ష్యం చెబుతోంది. 2020లో హాథ్రస్ దళిత యువతి మృతదేహాన్ని ఇంటికి తెమ్మని కుటుంబం వేడుకున్నా పోలీసులు అర్ధరాత్రి దహనం చేశారు.

రాజస్థాన్ 2023లో చేసిన మృతదేహ గౌరవ చట్టం ప్రకారం, శవంతో నిరసన తెలిపే కుటుంబ సభ్యులకు 2 ఏళ్ల వరకు జైలు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ కింద, దళితుల ఫిర్యాదును కావాలని నమోదు చేయని అధికారికి గరిష్ఠ శిక్ష ఏడాది మాత్రమే.

మృతదేహానికి గౌరవం దక్కాలి. శవ రాజకీయాలపై విమర్శలోనూ నిజముంది. కానీ ఎఫ్ఐఆర్ కోసం బిడ్డ శవాన్ని రోడ్డుపై ఉంచవలసిన దుస్థితి కల్పించినవారిని వదిలి, కన్నవారిని శిక్షించడం న్యాయం కాదు. కుటుంబ నిరసనను నేరాల జాబితా నుంచి తొలగించాలి.