‘నెట్ స్లో’ అంటే ఎక్కడ స్లో?

స్కాలర్‌షిప్ రెన్యువల్‌కో, కౌన్సెలింగ్‌కో చివరి తేదీ దగ్గరపడిందంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో ఏ కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చున్నా వినిపించే మాట ఒక్కటే: “నెట్ స్లో”. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది నేనే మొదటివాణ్ణి. ఫారం నింపిపెట్టేవాళ్ళు ఇంట్లో లేని మనకు ఆ ల్యాబే దిక్కు. అందుకే ఆలస్యం ఎక్కడ జరుగుతుందో మనకు తెలియాలి.

కొన్ని కాలేజీ ల్యాబుల్లో కంప్యూటర్లు నేరుగా ఇంటర్నెట్‌కు వెళ్ళవు. మధ్యలో ప్రాక్సీ సర్వర్ ఉంటుంది. దానికి బాగా పేరున్న ఉచిత సాఫ్ట్‌వేర్ స్క్విడ్, 1996లో వచ్చింది. మన హాస్టల్ స్టోర్‌రూం లాంటిదే అది. బియ్యం బస్తా స్టోర్‌లో ఉంటే వంటమనిషి నిమిషంలో తెస్తాడు. లేకుంటే మిర్యాలగూడ మిల్లు నుంచి లారీ రావాలి. ఒకరు చూసిన పేజీని దాచిపెట్టి రెండోవారికి ఇవ్వడమే క్యాషింగ్. దాచింది దొరికితే ‘హిట్’, దొరక్కపోతే ‘మిస్’.

స్లో అనగానే లైను మార్చాలంటారు. ముందు స్క్విడ్ రాసుకునే యాక్సెస్ లాగ్ చూడాలి. ప్రతి రిక్వెస్టుకూ అందులో ఒక వరుస ఉంటుంది. వరుసలో రెండో అంకె ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెబుతుంది. 5000 అంటే 5 సెకన్లు. అదే వరుసలో హిట్టో మిస్సో కూడా ఉంటుంది. మిస్‌లే ఆలస్యమైతే లైనునో, అవతలి సైటునో అనుమానించాలి. చిన్న చిన్న హిట్లు కూడా ఆలస్యమవుతుంటే లైనును తిట్టి లాభం లేదు, లోపం ల్యాబ్ లోపలే ఉంది.

ఎక్కువగా దెబ్బతీసేది ర్యామ్. డిస్క్‌లో ఏది ఎక్కడుందో చెప్పే రిజిస్టరును స్క్విడ్ ర్యామ్‌లో ఉంచుకుంటుంది. 64 బిట్ మెషీన్‌లో 1 జీబీ డిస్క్ క్యాషేకు సుమారు 14 ఎంబీ కావాలి. 100 జీబీ కేటాయిస్తే రిజిస్టరుకే 1.4 జీబీ! ర్యామ్ చాలకపోతే సిస్టం ఆ రిజిస్టరులో కొంత భాగాన్ని డిస్క్‌లోకి నెడుతుంది. ఇక ప్రతి పనికీ వెతుకులాటే. అంటే వేగం కోసం పెంచిన క్యాషేనే వేగాన్ని తినేస్తుందన్నమాట.

సైటు పేరును నంబరుగా మార్చే డీఎన్ఎస్ సర్వర్ కూడా చూడాలి. జాబితాలో మొదటిది పనిచేయకపోతే దాని జవాబు కోసం కొన్ని సెకన్లు ఆగి, ఆ తర్వాతే రెండోదాన్ని అడుగుతుంది. పేజీ మొదలవడానికే ఆలస్యమై, మొదలయ్యాక గబగబా వస్తే అనుమానం ఇక్కడే.

ఇంకొకటి. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్‌తోనే నడుస్తున్నాయి. మామూలుగా ప్రాక్సీ వాటి లోపలికి చూడలేదు, దాచలేదు. దారి మాత్రమే ఇస్తుంది. లాగ్‌లో ఇవి ‘కనెక్ట్’ అని కనిపిస్తాయి. అక్కడి పెద్ద అంకెలు చూసి కంగారు పడొద్దు, అవి ఆ దారి ఎంతసేపు తెరిచి ఉందో చెప్పేవి. కాబట్టి నేడు కొత్త హార్డ్‌డిస్క్ కొన్నంత మాత్రాన పెద్దగా ఒరిగేదేమీ లేదు. పైగా స్కాలర్‌షిప్ ఫారం ఎవరిది వారిదే, ఒకరి పేజీ ఇంకొకరికి పనికిరాదు.

లాగ్ చూసే వీలు మనకు లేకపోతే అదే సైటును ఫోన్ డేటాతో తెరవండి. అక్కడా రాకపోతే రద్దీ బహుశా ఆ సైటుదే; తెల్లవారుజామున ప్రయత్నించండి. ఫోన్‌లో వచ్చి ల్యాబ్‌లో రాకపోతే ఆ మాటే ల్యాబ్ ఇన్‌ఛార్జి సార్‌కు చెప్పి, ర్యామ్, డీఎన్ఎస్ చూడమని అడగండి.