అంతర్జాతీయ వ్యాపారంలో సంస్కృతుల అవగాహన: కొండపల్లి బొమ్మ నేర్పుతున్న పాఠం

ఇబ్రహీంపట్నం: ఒక దేశపు వస్తువు మరొక దేశపు విపణిలో నిలదొక్కుకొనడానికి నాణ్యత, ధర మాత్రమే చాలవు. ఆ వస్తువును అక్కడి ప్రజలు ఏ దృష్టితో చూస్తారో ఎగుమతిదారుకు తెలిసి ఉండాలి. ఎన్.టి.ఆర్. జిల్లా ఇబ్రహీంపట్నం మండలంలోని కొండపల్లిలో రూపుదిద్దుకొనే కొయ్యబొమ్మ ఇందుకు చక్కని నిదర్శనం.

తేలికైన తెల్లపొణికి కొయ్యను ఆరబెట్టి, అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూత పూసి రంగులు దిద్దడం ఇక్కడి కళాకారుల తరతరాల విధానం. అంబారీ ఏనుగు, దశావతారాలు, ఎడ్లబండి, తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు ఈ కళకు పేరు తెచ్చిన రూపాలు. తెలుగువారి ఇళ్లలో ఇవి సంక్రాంతి కొలువులో మెట్లపై కొలువుదీరుతాయి. పండుగ ముగిసిన పిదప అద్దాల బీరువాకు చేరుతాయి.

తెలుగులో ‘బొమ్మ’ అనే మాటకు విస్తృతమైన అర్థం ఉంది. ఆటవస్తువు, ప్రతిమ, చిత్రం అన్నీ బొమ్మలే. ఇదే మాటను ఆంగ్లంలో ‘టాయ్’ అని అనువదించి పెట్టెపై ముద్రిస్తే, పాశ్చాత్య కొనుగోలుదారు దానిని పసిపిల్లల చేతికిచ్చే ఆటవస్తువుగానే భావిస్తాడు. అక్కడి చట్టమూ అలాగే పరిగణిస్తుంది. అమెరికాలో 2008లో వచ్చిన చట్టం ప్రకారం 12 ఏళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లల వస్తువులపై పూసే రంగులో సీసం మిలియన్‌కు 90 భాగాలకు మించరాదు. ఐరోపా సమాజం 2009లో వెలువరించిన ఆటవస్తువుల భద్రతా ఆదేశం 14 ఏళ్ల లోపు పిల్లలు ఆడుకొనేందుకు ఉద్దేశించిన వస్తువులకు కఠిన ప్రమాణాలు విధించింది. అయితే జానపద బొమ్మల వంటి అలంకరణ వస్తువులను సేకరణకర్తల కోసం తయారు చేసినప్పుడు, అవి 14 ఏళ్లు, అంతకు పైబడిన వారి కోసమేనని స్పష్టంగా ముద్రిస్తే, ఆ ఆదేశం వాటిని ఆటవస్తువులుగా పరిగణించదు. నిజాయితీగా వ్రాసిన ఒక్క వాక్యం సరకు గమ్యాన్ని నిర్ణయించగలదన్న మాట.

మన దేశంలో ఆటవస్తువుల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు 2021 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. 2020 డిసెంబరులో చేసిన సవరణ ద్వారా నమోదైన హస్తకళాకారుల ఉత్పత్తులకు, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకు మినహాయింపు లభించింది. కొండపల్లి బొమ్మలకు ఆ గుర్తింపు ఉంది. కాని ఈ మినహాయింపు దేశ సరిహద్దు దాటి వర్తించదు. పరదేశపు రేవులో సరకు నిలిచిపోతే నెలల తరబడి పడిన శ్రమకు ప్రతిఫలం అందక నష్టపోయేది కళాకారుని కుటుంబమే.

అవగాహన ఆంక్షలను తెలుపడమే కాక అవకాశాలనూ చూపుతుంది. జపానులో మార్చి 3న జరిగే హినమత్సురి పండుగకు ఎర్రని వస్త్రం పరచిన మెట్లపై బొమ్మలను పేరుస్తారు. మన బొమ్మల కొలువును వివరించి చెప్పడానికి అక్కడ ఇంతకంటె దగ్గరి పోలిక లేదు. ‘నాలుగు’ను సూచించే ఉచ్చారణ, మృత్యువును సూచించే మాట ఒక్కటే కావడం వల్ల జపానీయులు కానుకలలో ఆ సంఖ్యను పరిహరిస్తారు. నాలుగు బొమ్మల జతకు బదులు ఐదింటి జతను పంపడం అక్కడి మర్యాదకు తగినది. క్రైస్తవ దేశాలలో క్రిస్మస్ నాడు క్రీస్తు జనన దృశ్యాన్ని చిన్న ప్రతిమలతో అలంకరించే ఆచారం ఉన్నందున, ప్రదర్శనకు ఉద్దేశించిన బొమ్మ వారికి పరాయిది కాదు.

కృష్ణా తీరానికి ఈ విజ్ఞత కొత్తది కాదు. గోల్కొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో బందరు ప్రముఖ రేవుపట్టణం. పర్షియా వర్తకులతోపాటు డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడకు వచ్చారు. బందరు అద్దకానికి స్థిరపడిన ‘కలంకారీ’ అనే పేరే పర్షియన్ పదం. పర్షియా కొనుగోలుదారుల కోసం దేవతామూర్తులకు బదులు తోరణాలు, సైప్రస్ వృక్షాలు, లతలు వస్త్రాలపై వెలిశాయి. ఐరోపావారు ఎర్రని నేల కంటె తెల్లని నేలపై పూలను మెచ్చారు. 1643లో ఈస్టిండియా కంపెనీ సూరత్‌లోని తన ఉద్యోగులకు ఇదే అభిరుచిని తెలుపుతూ లేఖ పంపింది. భారతీయ అద్దకపు వస్త్రాలకు గిరాకీ ఎంతగా పెరిగిందంటే, స్వదేశీ నేత పరిశ్రమను కాపాడుకొనేందుకు ఇంగ్లండు 1700, 1721 సంవత్సరాలలో వాటిపై నిషేధ చట్టాలు చేయవలసి వచ్చింది. ఆనాటి అద్దకందారులు తమ పనితనాన్ని వదులుకొనలేదు, కొనేవారి అభిరుచికి అనుగుణంగా నమూనాలను మాత్రమే మార్చుకొన్నారు.

నేటి ఎగుమతిదారులకూ ఇదే మార్గం అనుసరణీయం. సరకు పంపడానికి ముందే గమ్యదేశపు పండుగలు, నమ్మకాలు, కానుకల మర్యాదలు, చట్టంలోని నిర్వచనాలు తెలుసుకొనాలి. బొమ్మ ఏ సందర్భానికి చెందినదో, ఏ వయసు వారికి ఉద్దేశించినదో తెలిపే చీటీని కొనుగోలుదారు భాషలో జతపరచాలి. పిల్లలు ఆడుకొనేందుకే చేసిన వాటికి రంగుల పరీక్ష తప్పనిసరి. హస్తకళల శిక్షణలో చెక్కడం, రంగులు దిద్దడంతోపాటు ఈ అంశాలకూ చోటు కల్పిస్తే, కళాకారుని శ్రమకు పరదేశంలోనూ తగిన విలువ దక్కుతుంది.